పట్టా పండగ వాయిదా వేయొద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పట్టాల గురించే. డిగ్రీ ముగించిన పిలకాయలు రాశారు, వాళ్లని కన్నవాళ్లు రాశారు, ఎప్పుడో చదువులు చాలించిన పెద్దవాళ్లూ రాశారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రభుత్వ కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే నా తరగతి గదిలో కూర్చున్నట్టే ఉంది. తక్కిన ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఇవాళ వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, ఊళ్లు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. కాలేజీలో గ్రాడ్యుయేషన్ డే పెడుతున్నారు, అమ్మానాన్నల్ని తీసుకురమ్మన్నారు. నాన్న కౌలుకి కయ్యలు చేస్తాడు, ఇప్పుడు కోతలు. "ఉద్యోగం వచ్చినప్పుడు ఊరందరికీ భోజనాలు పెడదాం లేమ్మా, కాగితం కోసం ఇప్పుడు పని మానుకోని ఏం పోతాం" అంటున్నాడు. గౌను అద్దె, ఫొటో, రానుపోను ఛార్జీలు తలుచుకుంటే నాకూ అడగాలంటే మొహమాటంగా ఉంది. మానేయమంటారా?
ఒక విద్యార్థిని, ఆత్మకూరు మండలం

జవాబు: పో తల్లీ, తప్పకుండా పో. ఒక్కదానివే పోవద్దు, అమ్మనీ నాన్ననీ వెంటబెట్టుకొని పో.

ముందు ఒక తేడా చెప్తాను. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. కాకుటూరులో మన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం జరిపేది స్నాతకోత్సవం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి గవర్నరే కులపతి. అలాంటి సభల్లో వేదిక మీదికి మామూలుగా బంగారు పతకాలు వచ్చినవాళ్లనీ, పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లనీ పిలుస్తారు. వేలమంది డిగ్రీ పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి ఇవ్వడం కుదిరే పని కాదు. దాని దరఖాస్తు, ఫీజు, గడువు అన్నీ నోటిఫికేషన్‌లో ఉంటాయి, అది విడిగా చూసుకో. మీ కాలేజీ పెట్టే గ్రాడ్యుయేషన్ డే వేరు. అక్కడ ప్రతి బిడ్డనీ పేరు పెట్టి పిలుస్తారు. నీ పేరు, మీ నాన్న ఇంటిపేరుతో సహా, మైకులో వినపడేది అక్కడే. దాన్ని వదులుకోవద్దు.

ఖర్చు సంగతి. గౌను కాలేజీవాళ్లే అద్దెకి తెప్పిస్తారు, దానికి తప్పేది లేదు. ఫొటోలు మాత్రం ఒక్కటి తీయించుకో, అమ్మానాన్నలతో కలిసి. ఆల్బమ్ అక్కర్లేదు. కొత్త బట్టలు అసలే అక్కర్లేదు. విశ్వవిద్యాలయాలకి నియమాలు పెట్టే యూజీసీ 2015లో ఒకసారి, 2019లో మళ్లీ, స్నాతకోత్సవాలకి చేనేత బట్టలు వాడండని విశ్వవిద్యాలయాలకి చెప్పింది. మన తట్టు వెంకటగిరి నేత చీర లేని ఇల్లు తక్కువ. అమ్మ పెట్టెలో ఒకటి ఉంటే అదే కట్టుకో, దానికి మించిన గౌరవం లేదు.

ఇప్పుడు నాన్నతో రెండు మాటలు. ఇది ఆయనకి చదివి వినిపించు.

అయ్యా, కోత కోసి వడ్లు ఇంటికి చేర్చిన రోజు, ఇంకా అమ్ముడుపోలేదు గదా అని పంట రాలేదంటారా? ధర సంగతి తర్వాత. మీ ఇంటికి పంట వచ్చింది. ఉద్యోగం ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు, మీ బిడ్డ చేతిలోనూ లేదు. గ్రూప్-2 లాంటి వాటికి నోటిఫికేషన్ పడి, ప్రిలిమ్స్, మెయిన్స్ జరిగి, సర్టిఫికెట్ల పరిశీలన అయ్యేసరికి ఏళ్లు పడుతోంది. అప్పుడు చేద్దాం అనుకున్న పండగలు చాలా ఇళ్లలో జరక్కుండానే పోవడం నేను చూశాను. ఉద్యోగం వచ్చేసరికి పిల్ల బెంగళూరులో ఉంటుంది, పెళ్లి సంబంధాలు నడుస్తుంటాయి, డిగ్రీ ఊసు ఎవరికీ ఉండదు. పొద్దున్నే లేచి టిఫిన్ గిన్నె సర్ది మూడేళ్లు బిడ్డని బస్సెక్కించింది మీరు. ఆ మూడేళ్లకి ఒక రోజు ఇవ్వండి.

ఇలాంటి సభలో నేను చూసిన ఒకాయన్ని చెప్తాను. ఉదయగిరి కొండ తట్టు నుంచి వచ్చాడు. కూతురు పట్టా తెచ్చి చేతికిస్తే వెంటనే తీసుకోలేదు. కండువాకి చేతులు తుడుచుకొని, కాగితాన్ని అంచుల మీద పట్టుకొని, "ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించు" అన్నాడు. ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి రావు. అయినా ఆ గీత మీద వేలు ఆనించి, మా పక్కనున్న వాళ్లందరికీ ఒక్కొక్కరికీ చూపించాడు, "ఇదో, ఇది నేను" అని. కోత ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు. ఆయనకి ఆ రోజు దొరికింది మీకూ దొరకాలని నా కోరిక.

ప్రశ్న: అమ్మా, మా పాప ఇంటర్‌లో ఉన్నప్పుడు రొట్టెల పండగలో విద్య రొట్టె పట్టుకున్నాను. ఇప్పుడు బీకాం మంచి మార్కులతో పాసైంది. మొక్కు తీరినట్టేనని నేను, ఇంకా ఉద్యోగం రాలేదు గదా అప్పుడే రొట్టె ఎందుకివ్వాలి అని మా అత్తగారు. మీరేమంటారు?
ఒక తల్లి, నెల్లూరు

జవాబు: ఇవ్వాల్సిందేనమ్మా, ఈ ఏడే ఇవ్వాలి.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, ఏ కోరిక ఉంటే ఆ రొట్టె పట్టుకుంటారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే పేరున్న రొట్టె ఇంకొకరికి ఇస్తారు. మతం, కులం అడిగేవాళ్లు అక్కడ ఉండరు. విద్య రొట్టె వేరు, ఉద్యోగ రొట్టె వేరు, పెళ్లి రొట్టె వేరు. మన జేజమ్మల కాలం నుంచీ వీటిని విడివిడిగానే పిలుస్తున్నారు. ఆ విడదీయడంలో ఎంతో తెలివి ఉంది. చదువు కోరుకున్నారు, చదువు వచ్చింది. అక్కడికి అది నిండింది.

మీరు ఆ రొట్టె బిగబట్టుకుంటే, ఇంటర్‌లో ఉన్న బిడ్డ కోసం నీళ్లలో నిలబడి "విద్య రొట్టె ఎవరిస్తారమ్మా" అని అడుగుతున్న ఇంకో తల్లికి అందదు. పాపనే తీసుకెళ్లండి, తన చేత్తోనే ఇప్పించండి. డిగ్రీ అయిన పిల్ల చేతి నుంచి విద్య రొట్టె అందుకోవడం ఆ తల్లికి ఎంత ధైర్యమో ఆలోచించండి. ఆ పక్కనే మీ అత్తగారి చేత ఉద్యోగ రొట్టె పట్టించండి. ఆమె ఆశ కూడా న్యాయమైనదే.

ప్రశ్న: నమస్తే మేడమ్. ఒంగోలులో చదువుతున్నాను, ఇది చివరి సెమిస్టర్. ఫేర్‌వెల్ రోజు మా క్లాసు తరఫున విద్యార్థి జీవితం గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నెట్‌లో చూసి ఒకటి రాసుకున్నా, నాకే నచ్చలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు.
ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: నువ్వు రాసింది నీకే నచ్చలేదంటే నీకు మంచి చెవి ఉందన్నమాట. ఆ కాగితం పక్కన పెట్టేయ్ నాయనా.

ఫేర్‌వెల్ ఉపన్యాసాలు నేను విన్నన్ని ఎవరూ విని ఉండరేమో. మరపురాని మధుర స్మృతులు, మూడేళ్లు మూడు క్షణాల్లా గడిచాయి, ఈ కాలేజీ మాకు దేవాలయం. వినే వాళ్లలో ఒక్కరికి కూడా ఆ మాటల వెనక మనిషి కనపడడు. ఏ కాలేజీలో ఎవరు చదివినా సరిపోయే మాటలవి. నీ మూడేళ్లు ఇంకెవరికీ సరిపోవు, కాబట్టి నీకు మాత్రమే తెలిసిన ఒక్క సంగతి పట్టుకో. ఒక్కటంటే ఒక్కటే.

నాకు ఇప్పటికీ గుర్తున్నవి రెండే రెండు. పొదిలి తట్టు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి తన బస్ పాస్ చేత్తో పట్టుకొని వేదికెక్కింది. మొదటి ఏడాది అంటించిన ఫొటో. ప్లాస్టిక్ కవరు పసుపు పచ్చగా మారి, అంచులు చిట్లిపోయి ఉంది. "మా స్టాపులో నేనొక్కదాన్నే ఎక్కుతాను. ఒక రోజు ఆలస్యమైతే కండక్టర్ గారు బస్సు ఆపించి, మా సందు తట్టు చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు నాకు ఇంటర్నల్ పరీక్ష. ఆయన వెళ్లిపోయి ఉంటే ఆ పరీక్ష పోయేది" అని చెప్పి, ఆ కండక్టర్ పేరు చెప్పి దిగిపోయింది. అంతే, అర నిమిషం. వెనక వరసలో ఉన్న బస్సు పిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

రెండోది మా ల్యాబ్‌లోనే చదివిన అబ్బాయిది. బోటనీ ప్రాక్టికల్‌లో కాండాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి, పలచని ముక్క తీసి, సాఫ్రనిన్ రంగులో ముంచి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. మందంగా కోస్తే నల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. ఈ అబ్బాయికి ఏడాదంతా మందంగానే వచ్చేది. వాడు మైకు ముందు చెప్పింది ఇది: అటెండర్ సాయంత్రం ల్యాబ్ తాళం వేసే ముందు వాడిని పిలిచి, తను దాచిపెట్టిన కొత్త బ్లేడు ఇచ్చి, "కాండాన్ని గట్టిగా పట్టుకోవాకు, బ్లేడు నీళ్లలో తడుపుకో, నీ వైపు లాక్కో, నొక్కొద్దు" అని చెప్పాడట. వాచ్ గ్లాసు నీళ్లలో మొదటిసారి ముక్క మునక్కుండా తేలింది. వెలుతురులో పట్టుకుంటే అవతల తన వేలి గీతలు కనపడ్డాయి. అటెండర్లు కూడా పాఠాలు చెప్తారని ప్రిన్సిపాల్ ముందు, అందరి ముందు ఆ అబ్బాయే చెప్పాడు. అటెండర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వేదిక మీదికి రమ్మంటే రాలేదు, కానీ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేకపోయాడు. పాతికేళ్ల పైచిలుకు ఆ ల్యాబ్ కడిగి, గ్లాసులు తుడిచి, మా అందరి కంటే ముందొచ్చి తర్వాత వెళ్లిన మనిషి ఆయన. ఆయన పేరు అలాంటి సభలో వినపడటం అదే మొదలు.

నీకూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం ఇల్లిల్లూ తిరిగి ఉంటావు. సొంత ఊళ్లోనే ఎప్పుడూ గడప తొక్కని వీధిలోకి పోయి, ఎవరింట్లో తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో రాసుకొని ఉంటావు. కనిగిరి, పొదిలి ప్రాంతం పిల్లలకి ఫ్లోరైడ్ నీళ్ల సంగతి పుస్తకంలో చదవక్కర్లేదు, కానీ లెక్కలు రాసుకుంటూ అడిగినప్పుడు పెద్దవాళ్లు చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. అలాంటి మాట ఒకటి గుర్తుందా? హాస్టల్లో ఉన్నావా? అయితే స్కాలర్‌షిప్ డబ్బు రాని నెలలో ఎవరు ఎవరికి సర్దారు? మీ ముందు 2020లో చేరిన బ్యాచ్ పిల్లలు మిద్దె మీదికెక్కి, వేప చెట్టు కిందికి పోయి, సిగ్నల్ వెతుక్కుంటూ ఆన్‌లైన్ పాఠాలు విన్నారు. వాళ్లకి చెప్పడానికి అది ఉంది. నీకు ఉన్నదేదో నువ్వే చూసుకో.

ఇంకొక్క పని చేస్తావా? ఇది నా సొంత కోరిక. మీతో చేరి మీతో ముగించనివాళ్లు ఉంటారు. రెండో ఏడాదిలో పెళ్లి చేసి పంపేసిన పిల్ల ఉంటుంది. నాన్నకి జబ్బు చేస్తే చదువు మాని పొగాకు బ్యారన్ పనికో, చీమకుర్తి క్వారీకో, హైదరాబాద్‌లో డెలివరీ పనికో పోయిన అబ్బాయి ఉంటాడు. హాజరు పట్టీలో వాళ్ల పేర్ల మీద గీత కొట్టి ఉంటుంది. ఫేర్‌వెల్ రోజు ఆ పేర్లు ఎవరూ తలచుకోరు. ముందు ఫోన్ చేసి, "నీ గురించి చెప్పొచ్చా" అని అడిగి, ఒప్పుకుంటే పేరుతో చెప్పు. ఒప్పుకోకపోతే పేరు లేకుండా చెప్పు. వీలైతే ఆ రోజుకి పిలువు. ఆ మూడేళ్లలో వాళ్లు చదివింది ఒక్క సెమిస్టరైనా అది కూడా విద్యార్థి జీవితమే. ఆ పిల్లల్లో ఎవరైనా సార్వత్రిక విద్యలో చేరి మళ్లీ చదువు అందుకోవాలని నాకు ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను.

మీ ఒంగోలు ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన మనిషి గుర్తున్నాడు గదా. వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లు నడిపి బిడ్డల్ని పోషించింది. ఆ గిన్నెలు తోమిన చేతుల మీదుగా చదివిన పిల్లాడు తర్వాత బారిస్టరై, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. మీ క్యాంటీన్లో, మీ హాస్టల్ మెస్సులో ఇవాళ వంట చేసే ఆడవాళ్లలో ఎందరి బిడ్డలు డిగ్రీ చదువుతున్నారో కనుక్కో. నీ రెండు నిమిషాలకి అక్కడే సరుకు దొరకొచ్చు.

రెండు నిమిషాలంటే చేత్తో రాసిన ఒక పేజీ, అంతకు మించదు. మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయి. రాసింది రూమ్మేట్‌కి పైకి చదివి వినిపించు. వాడు ఫోన్ చూడకుండా విన్నాడంటే చాలు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఇంట్లో గోడ మీద నాలుగు పట్టాలున్నాయి. నాది ఎస్వీ యూనివర్సిటీ, తిరుపతి. మా అమ్మాయిది విక్రమ సింహపురి. నా భార్య ఒంగోలు మనిషి, ఆమెది నాగార్జున. ఒంగోలులోనే చదివిన మేనల్లుడిది ఆంధ్ర కేసరి. ఎవరూ సొంత ఊరు దాటి చదవలేదు. వచ్చినవాళ్లంతా ఇదేంటని అడుగుతున్నారు.
ఒక విశ్రాంత ఉద్యోగి, కావలి

జవాబు: మీ గోడ చూస్తే మన రెండు జిల్లాల ఉన్నత విద్య చరిత్ర తెలిసిపోతుంది. ఎస్వీ యూనివర్సిటీ 1954లో తిరుపతిలో వచ్చింది. నెల్లూరు జిల్లా కాలేజీలు చాలాకాలం దాని కిందే ఉన్నాయి, మీ కావలి పీజీ సెంటర్ కూడా దానిదే. 2008లో విక్రమ సింహపురి ఏర్పడ్డాక అవన్నీ దీని కిందికి వచ్చాయి. ప్రకాశం జిల్లా కాలేజీలు 1976లో మొదలైన నాగార్జున విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. ఒంగోలులో దానికున్న పీజీ కేంద్రమే ఈ దశాబ్దంలో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయమైంది. తిరుపతి పోయి మార్కుల మెమో కోసం కిటికీల ముందు నిలబడిన తరం మీది. మీ అమ్మాయికి అది సొంత జిల్లాలో దొరికింది. పట్టాలు నాలుగూ అలాగే ఉంచండి, అడిగినవాళ్లకి కూర్చోబెట్టి చెప్పండి.

ప్రశ్న: డిగ్రీ పూర్తయి ఏడాది దాటింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని, అది మేము కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని మా ప్రైవేటు కాలేజీ వాళ్లు అంటున్నారు. టీసీ, ఇంటర్ ఒరిజినల్స్ కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఫ్రెండ్స్ పట్టాలతో ఫొటోలు పెడుతుంటే చూడలేకపోతున్నాను.
పేరు, ఊరు వద్దన్నారు, ప్రకాశం జిల్లా

జవాబు: నీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది, నీ మీద కాదు బాబూ. నువ్వు అడుక్కోవాల్సిన పనిలేదు, ఆ కాగితాలు నీవి.

కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని, చేరేటప్పుడు చూసి వెంటనే తిరిగివ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది. సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపడాన్ని విద్యార్థి ఫిర్యాదుల కింద 2023 నిబంధనల్లో స్పష్టంగా చేర్చింది. ప్రతి కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానిపైన అంబుడ్స్‌పర్సన్, అంటే ఫిర్యాదులు విచారించే పెద్ద, ఉండాలి. అర్హత వచ్చిన 180 రోజుల్లోపు డిగ్రీ ప్రదానం చేయాలని విశ్వవిద్యాలయాలకి 2008 నుంచీ నియమం ఉంది.

నోటి మాటలు మానెయ్. ప్రిన్సిపాల్‌కి తెల్లకాగితం మీద దరఖాస్తు రాయి, ఏయే కాగితాలు వాళ్ల దగ్గర ఉన్నాయో ఒక్కొక్కటీ రాయి. రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు, సంతకం వేయించుకో. వేయకపోతే అదే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచు. వారం చూసి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. సోమవారం ఒంగోలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వు. నీలాంటివాళ్లు మీ క్లాసులో ఇంకా ఉంటారు, నలుగురూ కలిసి వెళ్లండి, ఒక్కొక్కరిని బెదిరించినట్టు నలుగుర్నీ బెదిరించలేరు.

ఈలోగా ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో చూడు. మీ యూనివర్సిటీ నీ మార్కులు, డిగ్రీ అందులో పెట్టి ఉంటే అక్కడి కాపీ ఒరిజినల్‌తో సమానం. ఉద్యోగ దరఖాస్తుకి అదైనా పనికొస్తుంది. కాగితం చేతికొచ్చాక నాకు తప్పకుండా రాయి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మేడమ్, మా ఆయన పలకల ఫ్యాక్టరీలో చేసేవాడు. మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో సప్లీలు పడి, నాలుగేళ్ల చదువు ఆరేళ్లకి పూర్తయింది. వాడి స్నేహితులు ఎప్పుడో ఉద్యోగాల్లో చేరారు. ఇప్పుడు ప్రొవిజనల్ వచ్చింది. ఇంట్లో పాయసం చేద్దామంటే "నాకు సిగ్గుగా ఉంది, ఎవరికీ చెప్పొద్దు" అంటున్నాడు. చేయనా, మాననా?
ఒక తల్లి, మార్కాపురం

జవాబు: చేయండమ్మా. నలుగురినీ పిలవొద్దు, వాడి మాట నిలబెట్టండి. ఇంట్లో ముగ్గురూ కూర్చొని తినండి.

బ్యాక్‌లాగ్ రాయడం ఎంత కష్టమో బయటివాళ్లకి తెలీదు. క్లాసు ఉండదు, చెప్పేవాళ్లు ఉండరు, తోటివాళ్లు ఉండరు. జూనియర్ల మధ్య కూర్చొని పరీక్ష రాయాలి. హాల్ టికెట్ మీద ఒకటే సబ్జెక్టు ఉంటుంది, ఇన్విజిలేటర్ ఒకసారి దాన్ని, ఒకసారి మొహాన్ని చూస్తాడు. ఫలితాల రోజు ఒంటరిగా ఫోన్ చూసుకోవాలి. అలా ఎన్నోసార్లు పోయి కూర్చున్న పిల్లాడు వాడు. మానేసి ఉంటే అడిగేవాళ్లు కూడా లేరు, అయినా మానలేదు. మొదటి ప్రయత్నంలో పాసైన పిల్లలకి నేను చప్పట్లు కొడతాను. ఇలాంటి పిల్లలు కనపడితే లేచి నిలబడి కొడతాను.

వాడితో "ఇప్పటికైనా అయింది" అనే మాట అనకండి. పిల్లల మనసు చివుక్కుమనేది ఆ మాట దగ్గరే. "ఏ సబ్జెక్టు బాగా ఏడిపించింది?" అని అడగండి. వాడు చెప్తాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆపకండి, మీకు అర్థం కాకపోయినా వినండి. ఆ ఆరేళ్ల గురించి వాడు ఇంతవరకూ ఎవరితోనూ మాట్లాడి ఉండడు. వాళ్ల నాన్న కోసి నున్నగా చేసిన పలకల మీద ఎన్ని ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దారో, ఆయన చేత ఆ ముచ్చటా చెప్పించండి. తండ్రీ కొడుకులిద్దరి పనీ ఒకే కంచం దగ్గర వినపడనివ్వండి.

ఉద్యోగం గురించి ఆ రోజు ఎత్తకండి. దానికి ఇంకో రోజు ఉంది.

ప్రశ్న: మా మనవరాలి ఒరిజినల్ డిగ్రీ వచ్చింది. పాడవకుండా లామినేషన్ చేయించి ఫ్రేము కట్టించాలని ఉంది. మంచిదేనా? బహుమతిగా ఏం కొనాలి?
ఒక తాతగారు, సింగరాయకొండ

జవాబు: లామినేషన్ మాత్రం వద్దు బాబాయ్ గారూ, దుకాణం దాకా కూడా తీసుకెళ్లొద్దు. పై చదువులకో విదేశాలకో పోవాల్సి వస్తే పట్టా వెనక ముద్రలు, స్టిక్కర్లు వేస్తారు, లామినేట్ చేసినదాని మీద అవి పడవు. ఒలిచి తీయబోతే అక్షరాలు ఊడొస్తాయి. మంచి రంగు జిరాక్స్ తీయించి దాన్ని ఫ్రేము కట్టించండి, ఒరిజినల్ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో మడత పడకుండా బీరువాలో పెట్టండి. ఫోల్డర్‌లో సిలికా పొట్లం ఒకటి వేయండి, సముద్రం గాలి తగిలే ఊరు మీది, కాగితం త్వరగా చెమ్మ పడుతుంది. బహుమతికి ఆ ఫోల్డరే మంచిది కొనండి, తోలుది దొరికితే ఇంకా మేలు. లోపలి అట్ట మీద మీ చేతిరాతతో ఆమె పేరు, డిగ్రీ, సంవత్సరం రాసి సంతకం పెట్టి ఇవ్వండి.